నాటకం కోసం ఎవరు వదులుకుంటున్నారు?



మన వార్షికోత్సవానికి నాటకం వెయ్యాలని తెలుగు మాస్టారు అన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. వేషం కూడా వచ్చింది. కానీ రిహార్సలు సాయంత్రం స్టడీ అవర్‌లో పెట్టేరు. ఒక అక్కని అడిగితే "కళ కోసం త్యాగం చెయ్యాలి, ఒక గంట చదువు పోతే ఏటి?" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకో రాస్తాను.

పోయినేడాది మమ్మల్ని ఈ విశాఖపట్నంలోనే సురభి వాళ్ళ 'మాయాబజార్' నాటకానికి తీసుకెళ్ళేరు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్తుంటే మేం అరిచిన అరుపులకి ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూసేరు. అయిపోయాక తెర వెనక చూడనిచ్చేరు. అన్నీ తీగలు, తాళ్ళు, రంగుల పెట్టెలు. ఒక చిన్న పాప ముఖానికి రంగుతోనే వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. వాళ్ళమ్మ ఒక చేత్తో పాపని పట్టుకొని ఇంకో చేత్తో నగలు సర్దుతోంది.

వాళ్ళ పెద్దలు తోలుబొమ్మలు ఆడించేవారట. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో వనారస గోవిందరావు గారు వాళ్ళు 'కీచక వధ' ఆడేరు. అప్పట్లో మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు, సురభిలో మాత్రం ఆడవాళ్ళే కట్టేరు. (ఇది నాకు చాలా నచ్చింది.) ఒక ఊళ్ళో ఆటలు అయ్యాక తెరలు, వంట సామాన్లు, పిల్లలు అన్నీ సర్దుకొని ఇంకో ఊరు పోవడమే. సురభి కమలాబాయి గారైతే వాళ్ళమ్మ నాటకం ఆడుతుండగా నొప్పులొచ్చి స్టేజీ మీదే పుట్టేరని చెప్తారు. తర్వాత తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం వేసింది ఆవిడే.

అందరూ ఈ కథ గొప్పగా చెప్తారు. నాకు మాత్రం వాళ్ళమ్మ గుర్తొస్తుంది. నెలలు నిండిన మనిషి ఆ రోజు ఎందుకు ఆడాల్సొచ్చింది? ఇష్టంతో ఆడిందా, బదులు వేసేవాళ్ళు లేకా? మా ఊళ్ళో ఆడవాళ్ళు కూడా నెలలు నిండినా కొండెక్కి చోడి కోస్తారు. దాన్ని ఎవరూ త్యాగం అనరు, పని అంటారు. సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే. కానీ ఆ తెరలు మోసినవాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు?

ఈ ఊళ్ళో పోర్టులో, స్టీలు ప్లాంటులో డ్యూటీ దిగి రాత్రి రిహార్సలుకి వెళ్ళేవాళ్ళున్నారని మాస్టారు అన్నారు. వాళ్ళు వదులుకునేది వాళ్ళ నిద్ర. వాళ్ళిష్టం. నా స్టడీ అవర్ అలా కాదు. మా అక్క ఐదో తరగతితో బడి మానేసి మేకల్నీ తమ్ముణ్ణీ చూసుకుంటే నేను ఇక్కడికి వచ్చేను. మా ఇంట్లో చదువుతున్న మొదటిదాన్ని నేనే. ఆ గంట మా అక్క ఇచ్చింది. దాన్ని తీసి త్యాగం అని నేనెలా ఇచ్చెయ్యను?

అలాగని వేషం మానెయ్యమంటే కూడా ఒప్పుకోను. మా వైపు థింసా ఆడేవాళ్ళు పని మాని ఆడరు. పొద్దున్న నాగలి పట్టిన తాతే పండగ రాత్రి మోరి వాయిస్తాడు. మనకీ అలా కుదరాలి.

మేడమ్ గారూ, ఆదివారం బట్టలుతుక్కున్నాక, అన్నాలయ్యాక రెండు నుంచి నాలుగు దాకా డైనింగ్ హాలు ఖాళీయే. అక్కడ రిహార్సలు పెట్టనివ్వండి. హాలు మేమే ఊడుస్తాం. పదో తరగతి అక్కలకి పరీక్షలు కాబట్టి చిన్న వేషాలివ్వండి. తెర లాగేవాళ్ళ పేర్లు కూడా బోర్డు మీద రాయాలి, వేషగాళ్ళ పేర్లంత అక్షరాలతోనే.

మా అక్క ఇంతవరకు నాటకం చూడలేదు. వార్షికోత్సవానికి రమ్మని కబురు పెట్టేను. బస్సు ఛార్జీలు ఎలాగో ఇంకా తెలీదు.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని