సందేహానికి తావివ్వని వ్యాకరణం

కావ్యానికి అలంకారమైనది కంప్యూటర్ భాషకు దోషమవుతుంది. రామాయణ, భారత కథలు రెండూ ఒకే పద్యంలో స్ఫురించేటట్లు పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రచించాడు. ఆ ద్వ్యర్థి చమత్కారం పాఠకులను అలరిస్తుంది. ప్రోగ్రామ్‌లోని వాక్యానికి రెండర్థాలు వస్తే మాత్రం యంత్రం చేసే పని రచయిత ఉద్దేశానికి విరుద్ధం కావచ్చు.

ప్రోగ్రామ్ వాక్యాలను వ్యాకరణ సూత్రాలతో సరిచూసి, వాటి నిర్మాణాన్ని గుర్తించడమే పార్సింగ్. ‘సెలవుంటే, డబ్బుంటే ఊరికి వెళ్ళు, లేకుంటే చదువుకో’ అన్న వాక్యాన్ని పరిశీలించండి. ‘లేకుంటే’ అన్నది సెలవుకు వర్తిస్తుందా, డబ్బుకు వర్తిస్తుందా? ఇటువంటి చిక్కు అల్గాల్ 60 కాలం నుండి ప్రోగ్రామింగ్ భాషలను వెంటాడుతూనే ఉంది. సి భాష దగ్గరి షరతుకే ‘లేకుంటే’ వర్తిస్తుందని నియమం చేసింది. అడా భాష ప్రతి షరతు వాక్యానికీ ముగింపు పదాన్ని తప్పనిసరి చేసి, సందేహం పుట్టకుండానే చూసుకుంది.

ఈ చిక్కును ముందుగా పసిగట్టేదెలా? 1965లో డొనాల్డ్ నూత్ ఎల్.ఆర్. పద్ధతిని ప్రతిపాదించాడు. దానిపై ఆధారపడి 1970వ దశకంలో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ ‘యాక్’ అనే సాధనాన్ని రూపొందించాడు. సందిగ్ధమైన వ్యాకరణాన్ని అందిస్తే, సూత్రాల మధ్య సంఘర్షణ ఉన్నదని అది హెచ్చరిస్తుంది. హెచ్చరికలన్నింటికీ సందిగ్ధతే కారణం కాకపోవచ్చు. కాని సందిగ్ధత ఉంటే హెచ్చరిక తప్పక వస్తుంది.

2004లో బ్రయాన్ ఫోర్డ్ వివరించిన ‘పెగ్’ పద్ధతి వేరు. అందులో వరుసలో ముందున్న సూత్రం సరిపోతే తరువాతి సూత్రాన్ని చూడనే చూడరు. రెండవ అర్థం ఉన్నట్లు ఎవరికీ తెలియదు. 2020లో పైథాన్ 3.9 ఈ మార్గాన్నే చేపట్టింది. జి.సి.సి. కంపైలర్ కూడా సి++ భాషకు 2004లో, సి భాషకు 2006లో యాక్ తరహా సాధనాన్ని విడిచి, చేతితో రాసిన పార్సర్‌ను స్వీకరించింది. చేతితో రాసిన పార్సర్ దోషాలను స్పష్టంగా తెలుపగలదు. ఈ సౌలభ్యాలను కాదనలేము.

అయితే అవి ఆరితేరిన నిపుణులు, స్థిరపడిన భాషలకు చేసుకున్న ఎంపికలు. కొత్త భాషను రూపొందించేవారు, పార్సింగ్ నేర్చుకొనే విద్యార్థులు మొదట తమ వ్యాకరణాన్ని ఎల్.ఆర్. పరీక్షకు నిలపాలి. సాధనం మౌనంగా ఉన్నంత మాత్రాన వ్యాకరణం నిర్దుష్టమని భావించరాదు. భాషను నిర్మించేవారు ఉపేక్షించిన సందేహం, ఆ భాషలో ప్రోగ్రామ్‌లు రాసే వేలాదిమందికి దోషంగా సంక్రమిస్తుంది. దానిని సూత్రదశలోనే సవరించడం భాషా నిర్మాతల కర్తవ్యం.