మునిసిపల్ బడులన్నీ ఒకటేనా?

పిల్లాణ్ణి కాన్వెంటులో వెయ్యాలంటే ఫీజెంత, బస్సు వీధిలోకి వస్తుందా, ఇంగ్లీషు ఎలా చెబుతారు అని ఆరు నెలల ముందు నుంచీ వాకబు చేస్తాం. మునిసిపల్ బడి అనేసరికి మాత్రం 'ఏదైతేనేం, అన్నీ ఒకటేగా!' అనేస్తాం. ఇలా అనే వాళ్ళలో చాలామంది ఆ బడి గుమ్మం తొక్కి ఉండరు.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతుర్ని ఒకటో తరగతిలో వెయ్యాల్సొచ్చింది. వాళ్ళ పేటకి నడిచి వెళ్ళేంత దూరంలో రెండు మునిసిపల్ స్కూళ్ళున్నాయి. 'ఏది మంచిదో మీరూ చూసి చెప్పండమ్మా' అంటే ఇద్దరం కలిసి వెళ్ళాం.

మొదటిది చూడముచ్చటగా ఉంది. 2019లో మొదలుపెట్టిన 'నాడు-నేడు' పథకంలో బాగుపడ్డ బడి. గోడలకి రంగులు, బొమ్మలు, కొత్త బల్లలు. కానీ అయిదు తరగతులకీ ఇద్దరే టీచర్లు. ఒకావిడ మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకళ్ళకి లెక్కలు చెబుతుంటే తక్కిన వాళ్ళు చూచిరాత రాసుకుంటున్నారు. ఆవిణ్ణి అని లాభం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవైమంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లుంటే చాలు. తరగతులు ఎన్నన్నది కాదు, తలలు ఎన్నన్నదే లెక్క.

రెండోది సందు చివర, సున్నం రాలిపోతున్న పాత కట్టడం. అక్కడ పిల్లలు నూరు దాటారు, కనక తరగతికో టీచరు. మూడో తరగతి పిల్లని రెండో తరగతి తెలుగు పాఠం చదవమంటే తడుముకుంటూనే చదివి, కథేమిటో కూడా చెప్పింది. మొదటి బడిలో అదే తరగతి పిల్లాడు గుణింతాల దగ్గరే ఆగిపోయాడు. ఒక్క పిల్లాణ్ణి చూసి బడికి మార్కులెయ్యకూడదనుకోండి, అయినా టీచర్ల లెక్క చూశాక నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

పిల్లలు తగ్గారని టీచర్లని తగ్గిస్తారు, టీచర్లు లేరని మనం పిల్లల్ని మాన్పిస్తాం. రంగులేసినా ఈ వరస ఆగదు.

మరుగుదొడ్డి కూడా చూడాలండీ. మొదటి దాంట్లో టైల్సు వేసిందే ఉంది, తాళం వేసి. ఆడపిల్ల ఎన్నిసార్లని వెళ్ళి తాళం చెవి అడుగుతుంది? రెండో దాంట్లో పాతదే అయినా పంపులో నీళ్ళొస్తున్నాయి. మధ్యాహ్న భోజనం మాత్రం మొదటి బడిలోనే బాగుంది. రెండో చోట సాంబారు ఒట్టి నీళ్ళు. పైగా ప్రహరీ గోడ లేదు.

ఇవన్నీ అడగడానికి ప్రతి బడికీ ఒక కమిటీ ఉంటుంది. ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తమ్మీద సగంమంది ఆడవాళ్ళుండాలి. ఇదీ చట్టమే. కమిటీలో ఉన్న ఒక తల్లిని మీటింగులో ఏం మాట్లాడారని అడిగితే, 'సంతకం పెట్టమంటే పెట్టొచ్చానండీ' అంది. చదువుకున్న ఇల్లాళ్ళం, మన ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళతో ఒక పూట ఆ మీటింగుకి వెళ్ళి కాగితం చదివిపెడితే మన సొమ్మేం పోతుంది?

ఆ అమ్మాయి కూతుర్ని రెండో బడిలో వేసింది. ఈసారి మీటింగులో ముందు సాంబారు సంగతి అడగాలా, గోడ సంగతి అడగాలా అని ఆలోచిస్తోంది.