మగ్గం గుంటలో మరమ్మతు

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు తన ఇంటి నేలమాళిగను మేస్త్రీని పిలవకుండా స్వహస్తాలతో గదిగా మార్చుకున్నాడు. ఆ చలిదేశాల్లో నేల గడ్డకట్టే లోతు దాటి పునాది తవ్వాలట. ఎలాగూ తవ్విన గొయ్యి గనక దాన్నే మాళిగ చేస్తారు. "మామా, మొదటి వానాకాలమంతా ఊరికే చూస్తా కూర్చున్నా. నీళ్లు యాడనుంచి వస్తాయో తెలిసినాకే పని మొదలుపెట్టినా" అన్నాడు ఫోనులో. ఆ మాట నేను చెవిని పెట్టి ఉంటే ఈ వారం మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

మన ఇళ్లల్లో మాళిగలెక్కడివి అంటారా? ధర్మవరం వెళ్లి చూడండి. నేతగాళ్ల ఇళ్లలో నేల కింద గది లేకపోయినా గుంట ఉంటుంది. మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, పలకలు తొక్కుతూ నాడె ఆడిస్తాడు. మా అక్కావాళ్ల సంసారమంతా ఆ గుంట మీదే నడిచింది. ఈ మేనల్లుడి చదువు కూడా అందులోంచి వచ్చిందే.

పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కానీ అది వాయిదాల మీద రాదు, ఒక్క రాత్రిలో అసలూ వడ్డీ కలిపి కట్టేస్తుంది. రెండేళ్ల క్రితం అలాగే వచ్చింది. తెల్లారి చూస్తే గుంటలో మోకాటిలోతు నీళ్లు. కొయ్య ఉబ్బింది, పట్టు పోగులు సాగాయి, జరీ నల్లబడింది. కొన్ని చీరలకు సరిపడే పడుగు ఒక్కసారిగా పోయింది.

"పూడ్చేద్దాం నాయనా, చాలు" అని కొడుకు అక్కణ్ణుంచి ఫోను. బావ జవాబు చెప్పలేదు. లేచి వెళ్లి గుంట అంచున కూర్చున్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. ఎండాకాలం రాగానే హిందూపురంలో రైలెక్కి దిగి, తాపీ పట్టి, గుంట లోపలంతా సిమెంటు పూశాను. నాలుగు రోజులు నడుము పట్టేసినా, అద్దంలా మెరుస్తుంటే తెగ మురిసిపోయాను. మొదటి పెద్ద వానకే ఆ అద్దం పెచ్చులు పెచ్చులుగా ఊడి నీళ్లలో పడింది.

"నువ్వు చదువుకున్నోడివప్పా" అన్నాడు బావ. అంతకన్నా తిట్టినా బాగుండేది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండలో దిగాను. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసుకున్న ఊరది. గగన్ మహల్‌కు ఆనాడు పూసిన సున్నపు గచ్చు చూసి, ఊళ్లో ఒక ముసలి మేస్త్రీకి నా గోడు చెప్పుకున్నాను.

"నీళ్లుండేది బయట, నువ్వు పూస్తివి లోపల" అని నవ్వాడాయన. "తడిసిన మన్ను వెనకనుంచి తోస్తాంటే నీ సిమెంటును పట్టుకునేదెవరు? వీధి చూస్తివా?"

చూడలేదు. వెనక్కు వెళ్లి చూస్తే సంగతి ఇది. వీధికి రోడ్డు వేసినప్పుడల్లా జానెడు ఎత్తు పెరిగింది. గడప రోడ్డు కంటే కిందికి పోయింది. పైగా మిద్దె దోనినీళ్లు సరిగ్గా మగ్గం గది గోడ మొదట్లోనే పడుతున్నాయి. వత్తి నూనె పీల్చుకున్నట్టు గోడ ఆ నీళ్లను పీల్చి గుంటకు అందిస్తోంది.

మేస్త్రీ చెప్పిన వరసలో చేశాము. దోనికి గొట్టం తగిలించి నీళ్లు మురుగుకాలవలోకి మళ్లించాము. గడపకు కట్ట కట్టాము. గోడకు మూరెడు ఎడంగా, పునాది కంటే లోతు పోకుండా కాలవ తీసి, వాలు చూసి కంకర నింపాము. ఆఖరున గుంటలో సున్నమూ ఇటుకపొడీ కలిపి పూశాము. ఇది తడిలోనూ గట్టిపడుతుంది, గోడను ఊపిరాడనిస్తుంది. బొత్తిగా తేమ లేకపోయినా పోగులు తెగుతాయి, గుంటకు కాస్త చల్లదనం కావాలి అని బావ చెబితే తెలిసింది. ఒక మూల కుండ పట్టేంత గుంత వదిలాము.

మొన్న రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున్నే అక్క ఫోను చేసింది. "మూలగుంతలో రెండు చెంబుల నీళ్లు వచ్చినాయిరా. తోడి పారబోస్తిమి."

"బావేం చేస్తున్నాడు?"

అక్క ఫోను గది వైపు తిప్పినట్టుంది. అవతల మగ్గం చప్పుడు వినిపించింది.