యూనిఫాం వేస్తే తేడాలు పోతాయా?

బడిలో పిల్లలందరికీ ఒకే బట్టలుంటే కలవాడు, లేనివాడు అన్న తేడా పోతుందని, క్రమశిక్షణ దానంతటదే వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పంతుళ్లు అంటారు, తల్లిదండ్రులు అంటారు, బడి కిట్లు పంచే సభల్లో నాయకులూ అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. బడులు తెరిచాక ఓ పొద్దున నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లు ఎలా ఒప్పుకుంటారో నాకర్థం కాదు.

టై, బెల్టు, మెడలో ఐడీ కార్డు, పాలిష్ పెట్టిన బూట్లతో కొందరు పిల్లలు స్కూలు బస్సెక్కుతుంటారు. సర్కారు బడి పిల్లలు ప్రభుత్వమిచ్చిన బట్టల్లో ఆటోలోనో, నడిచో పోతుంటారు. ఎవరి తల్లిదండ్రులు ఏడాదికి ఎంత ఫీజు కట్టగలరో చొక్కా చూసి దూరం నుంచే చెప్పొచ్చు. మామూలు బట్టల్లో ఉంటే ఆ సంగతి అంత సులువుగా బయటపడదు. ఒకే బడిలో చదివే పిల్లల మధ్య తేడాను యూనిఫాం కప్పుతుందంటారా? కప్పడానికి అక్కడ ఏం మిగిలింది? మన మెట్ట పల్లెల్లో కూడా కాస్త స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటుకే పంపుతున్నారు. సర్కారు బడిలో ఎక్కువమంది కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలే. ఇప్పుడు తేడా బడికీ బడికీ మధ్య ఉంది. ఆ తేడాను యూనిఫాం చెరపదు సరికదా, పిల్లల ఒంటిమీద అచ్చేసి ఊరంతా తిప్పుతుంది.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది కదా అంటారు. ఇస్తోంది, అది మంచి పని. 2020 అక్టోబరు 8న మొదలైన జగనన్న విద్యాకానుక పథకంలో ఒక్కొక్కరికీ మూడు జతల గుడ్డ ఇచ్చారు. కుట్టుకూలి మాత్రం ఎనిమిదో తరగతి దాకా జతకు 40 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు 80. ఆ నలభైకి జత కుట్టే టైలరు ఉదయగిరిలో దొరకడు, ఆత్మకూరులోనూ దొరకడు. మిగతాది తల్లి చేతి నుంచి పడాల్సిందే. బడి తెరిచే వారంలో అందరూ ఒక్కసారే గుడ్డ తెచ్చి మిషను పక్కన పడేస్తారు. పేరు, తరగతి రాసిన కాగితం ముక్కను గుండుసూదితో గుచ్చి వరసగా పెడతాడు టైలరు. పిల్లవాడు ఎదుగుతాడు, కింద మడత ఎక్కువ పెట్టి కుట్టన్నా అంటుంది తల్లి. ఆ మడతను ఏడాదంతా వేలెడు వేలెడుగా విప్పుతూ పోతారు. విప్పిన చోట వెలిసిపోని రంగు గీతలా కనబడుతుంది. మిషను దగ్గర వంతు వచ్చేదాకా ఆ పిల్లవాడు బడికి ఏం వేసుకుపోవాలి?

యూనిఫాం వల్ల మేలు జరిగిందని చూపించే పరిశోధన ఒకటుంది. నోబెల్ పొందిన ఆర్థికవేత్త మైకేల్ క్రేమర్, ఆయన సహచరులు కెన్యాలో పేద పిల్లలకు ఉచితంగా యూనిఫాం ఇప్పించి చూశారు. గైర్హాజరు బాగా తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆలోచించాలి. అక్కడి బడుల్లో యూనిఫాం ఉండి తీరాలనేవారు, కొనలేని పిల్లలు కొందరు ఇంట్లో ఆగిపోయేవారు. అంటే నియమమే అడ్డుగోడ కట్టింది, దానం ఆ గోడను తీసింది. మేలు చేసింది చేతికందిన గుడ్డ. అందరిదీ ఒకే రంగు కావడం కాదు.

ఆ నియమం మన దగ్గర ఎంత దూరం పోయిందో 2017 సెప్టెంబరులో చూశాం. హైదరాబాదు శివారు రామచంద్రాపురంలో ఓ ప్రైవేటు బడిలో, యూనిఫాం వేసుకు రాలేదని పదకొండేళ్ల ఆడపిల్లను మగపిల్లల మరుగుదొడ్డిలో నిలబెట్టారు. ఉతికిన బట్టలు ఆరలేదని ఇంట్లోవాళ్లు డైరీలో రాసి పంపినా వినలేదు. బయటికి తెలిసింది గనక రాష్ట్రమంతా మండిపడింది. గేటు దగ్గర ఎండలో నిలబెట్టడం, ప్రార్థనలో అందరి ముందూ లేపి అడగడం, వెనక్కి పంపేయడం ఏ పత్రికలోనూ రావు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. యూనిఫాం పేరుతో జరిగేది వేధింపే. దీనికి క్రమశిక్షణ అని పేరు పెట్టడం నేను భరించలేను.

క్రమశిక్షణ వస్తుందన్న మాటకూ ఆధారం బలహీనమే. అమెరికాలో డేవిడ్ బ్రన్స్‌మా, కెర్రీ ఆన్ రాక్‌మోర్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో హాజరు మీదా, ప్రవర్తన మీదా యూనిఫాం ప్రభావం కనబడలేదు.

ఇక ఆడపిల్లల సంగతి. హైస్కూలు పిల్ల రెండు భుజాల మీదా చున్నీకి పిన్నులు పెట్టుకుని కబడ్డీ ఏం ఆడుతుంది? ఆటల పీరియడ్‌లో గట్టున కూర్చుని మగపిల్లల్ని చూస్తుంది. 2024లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలా దేశాల లెక్కలు చూసి, యూనిఫాం ఎక్కువగా వాడే చోట్ల చిన్న తరగతుల ఆడపిల్లలు శారీరక శ్రమలో మగపిల్లల కన్నా మరింత వెనకబడుతున్నారని గమనించారు. కొన్ని బడుల్లో ఉండే శనివారం తెల్ల డ్రస్సు నియమం ఇంకా అన్యాయం. నెలసరి రోజుల్లో ఆ తెలుపు వేసుకుని బెంచీ మీద నుంచి లేవాలంటే పిల్ల ఎంత భయపడుతుందో ఇంట్లో ఆడపిల్ల ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. జూన్‌లో ఉదయగిరి కొండ కింద రాళ్లు కాలుతుంటే పాలిస్టర్ చొక్కాకి మెడదాకా బొత్తాం పెట్టి టై బిగించడం కూడా ఎవరి మేలుకో చెప్పాలి.

కాబట్టి యూనిఫాం ఇస్తే ఇవ్వండి. టైలరు అడిగే అసలు కూలి ఇవ్వండి, బడి తెరవకముందే ఇవ్వండి. ఆడపిల్లలకు పరుగెత్తడానికి వీలైన బట్టలు, అందరికీ నూలు గుడ్డ ఇవ్వండి. తెల్ల డ్రస్సు, టై తీసేయండి. యూనిఫాం వేసుకు రాని పిల్లను ఏమీ అడక్కుండా తరగతిలోకి రానివ్వండి. ఈ చివరిదానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు. హెడ్‌మాస్టరు రేపు పొద్దున ప్రార్థనలో ఒక్కమాట చెబితే చాలు.