బండి బరువు, పర్సు బరువు

పోస్టు కాస్త పొడుగే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన సైక్లింగ్ గ్రూపులో నెల రోజులుగా ఒకటే చర్చ: రోడ్ బైక్ బరువు ఎలా తగ్గించాలి? ఒకరు కార్బన్ చక్రాలంటారు. ఇంకొకరు గ్రూప్‌సెట్ మొత్తం మార్చమంటారు. మరొకరు టైటానియం బోల్టుల లింకులు పంపిస్తారు. సరదా చర్చే, నేనూ ఆసక్తిగా చదివాను. కానీ దాని పక్కనే ఇంకో రెండు విషయాలు జరిగాయి. ఒక తమ్ముడు చక్రాల కోసం ఈఎంఐ పెట్టడానికి సిద్ధమయ్యాడు. ఆదివారం రైడ్‌కి క్రమం తప్పకుండా వచ్చే ఇద్దరు రావడం మానేశారు. అడిగితే, "మాది బరువు బండి అన్నా, మా వల్ల మీరంతా ఆగాల్సి వస్తోంది" అన్నారు. ఈ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బరువు తగ్గించుకోవడం తప్పేమీ కాదు. కానీ దానివల్ల వచ్చే వేగం మనం ఊహించుకునేదానికంటే చాలా తక్కువ. టైర్లు, ట్యూబుల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగినా మనలో చాలామందికి చాలు. మిగతా డబ్బుకు ఇంతకంటే మంచి ఖర్చులు ఉన్నాయి.

లెక్క చూద్దాం. ఇది పదో తరగతి ఫిజిక్సే, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఒక కిలో బరువును 100 మీటర్ల ఎత్తుకు ఎత్తాలంటే 980 జౌళ్ల పని. మనలో బాగా తొక్కేవాళ్లు నిలకడగా 200 వాట్లు పెడతారనుకుందాం. అంటే ఒక కిలో తగ్గిస్తే 100 మీటర్ల ఎత్తుకు మిగిలేది 5 సెకన్లు. అందరూ కలలు కనే నంది కొండ శిఖరం సముద్రమట్టానికి 1478 మీటర్లు. కింది నుంచి మనం ఎక్కేది అందులో 400 నుంచి 500 మీటర్లు. అంటే అరగంటకు పైగా పట్టే ఎక్కుడులో కిలో తగ్గినందుకు మిగిలేది 20 నుంచి 25 సెకన్లు. ఫొటో కోసం ఒక్కసారి ఆగితే అది కాస్తా పోయినట్టే.

పైగా నంది కొండ మనకు ఊరికి అవతలి కొసన ఉంది. మనం వారం వారం తొక్కేది చందాపుర నుంచి అత్తిబెలె వైపు, లేదా ఆనేకల్ మీదుగా ముత్యాల మడువు వైపు. ఈ దారుల్లో ఎక్కువ భాగం చదునే. చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మన శ్రమలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఒక కిలో బరువు తగ్గితే అక్కడ మిగిలేది సుమారు అర వాటు. అవును, అర వాటే. చొక్కా గాలికి రెపరెపలాడకుండా ఒంటికి సరిపోయేది వేసుకుంటే ఇంతకంటే ఎక్కువ మిగులుతుంది.

"మరి స్పీడ్ బ్రేకర్ల సంగతేంటి? ప్రతిసారీ ఆగి మళ్లీ వేగం అందుకోవాలి కదా, తిరిగే బరువు రెట్టింపు కదా" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఒక కిలోను సున్నా నుంచి 30 వేగానికి తేవడానికి దాదాపు 35 జౌళ్లు కావాలి. అదే కిలో చక్రం అంచున ఉంటే, రెట్టింపు అనుకున్నా, 70. 200 వాట్లతో తొక్కేవాడికి అది సెకనులో మూడో వంతు. దారిలో 50 స్పీడ్ బ్రేకర్లు ఉండి, ప్రతిదాని దగ్గరా పూర్తిగా ఆగినా మొత్తం 17 సెకన్లు. తిరిగే బరువు రెట్టింపన్నది నిజమే. గోరంతకు రెట్టింపు రెండు గోర్లంతే అవుతుంది గాని కొండంత అవదు.

చరిత్రలో కూడా దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంట రికార్డు కొట్టాడు. ఎర్నెస్టో కొల్నాగో ఆయన కోసం భాగాలకు చిల్లులు వేసి మరీ తేలిక చేసిన ఆ సైకిల్ బరువు 5.75 కిలోలు. గంటలో వెళ్లిన దూరం 49.431 కిలోమీటర్లు. 2000 సంవత్సరం నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ, పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం పెట్టింది. ఆ నియమం కింద, మెర్క్స్ సైకిల్ కంటే కిలోకు పైగా బరువున్న సైకిల్ మీద ఫిలిప్పో గన్నా 2022లో గంటకు 56.792 కిలోమీటర్లు తొక్కాడు. శిక్షణ, ట్రాక్, దుస్తులు అన్నీ మారాయి, కాదనను. కానీ ఆ తేడాలో పెద్ద వాటా గాలికి ఎదురు నిలిచే ఒంటి భంగిమది. బరువుది కాదు.

అలాగని తేలిక బండికి విలువే లేదని కాదు. మూడు చోట్ల నిజంగా పనికొస్తుంది. ఒకటి, లిఫ్టు లేని మూడో అంతస్తు. మన చుట్టుపక్కల అలాంటి బిల్డింగులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. రోజూ భుజాన వేసుకుని మెట్లెక్కేవాళ్లకు 12 కిలోలకూ 10 కిలోలకూ తేడా ఖాయంగా తెలుస్తుంది. రెండు, ఒళ్లు తేలికగా ఉన్నవాళ్లు. 50 కిలోల అమ్మాయి తొక్కే 12 కిలోల బండీ, 85 కిలోల మనిషి తొక్కే 12 కిలోల బండీ ఒకటి కావు. ఆమె మోసే బరువులో బండి వాటా ఎక్కువ, కాబట్టి లాభమూ ఎక్కువే. మూడు, సంతోషం. మంచి వస్తువు చేతిలో ఉంటే తొక్కాలనిపిస్తుంది. ఆ సంతోషానికి నేను విలువ కట్టను. అప్పు చేసి కొన్న సంతోషం మాత్రం మొదటి వాయిదా నాటికే సగం అవుతుంది.

ఇక నిజంగా తగ్గించాలనుకునేవాళ్లకు నా వరస ఇదీ. కొలత ఒక్కటే పెట్టుకోండి: గ్రాము తగ్గించడానికి ఎన్ని రూపాయలు?

మొదటిది ట్యూబులు. మామూలు బ్యూటైల్ ట్యూబు ఒక్కోటి 100 గ్రాములకు అటూఇటూ ఉంటుంది. టీపీయూ ట్యూబు 40 గ్రాముల దగ్గర ఉంటుంది. రెంటికీ కలిపి 120 గ్రాములు పోతుంది. ప్యాచ్ వేయడం మాత్రం దీనికి వేరేగా ఉంటుంది, రోడ్డు పక్క పంక్చర్ షాపు అన్నకు అలవాటు ఉండకపోవచ్చు. స్పేర్ ట్యూబు దగ్గరుంచుకోండి.

రెండోది టైర్లు. కొత్తగా కొన్న తక్కువ ధర సైకిళ్లకు వచ్చే వైర్ బీడ్ టైర్లు ఒక్కోటి 350 గ్రాములకు పైనే తూగుతాయి. మడత పెట్టగలిగే మంచి టైరు 250 గ్రాముల దగ్గర దొరుకుతుంది. ఇక్కడ లాభం బరువులోనే కాదు. మెత్తని రబ్బరు, మెత్తని గోడల వల్ల రోడ్డు రాపిడి తగ్గుతుంది, ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఫ్రేములో చోటుంటే 28 మిల్లీమీటర్ల వెడల్పు వేయండి. మన ఆనేకల్ రోడ్డు గుంతలకు 23 టైరు వేసుకోవడమంటే పట్టుచీర కట్టుకుని ముళ్లకంపలోకి వెళ్లినట్టే.

మూడోది చక్రాలు. చవక సైకిళ్ల చక్రాల జత 2 కిలోలకు అటూఇటూ, మంచి అల్యూమినియం జత 1600 గ్రాముల దగ్గర. డబ్బు చేతిలో ఉంటే, పాతవి అరిగిపోయాక, కొనుక్కోండి. రిమ్ బ్రేకులున్నవాళ్లు చవక కార్బన్ రిమ్‌ల జోలికి పోకండి. నంది లాంటి కొండ దిగేటప్పుడు బ్రేకు వేడికి కార్బన్‌ను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడే ప్రమాదం ఉంది.

అక్కడ ఆగండి. క్యాసెట్, క్రాంక్, డిరైలర్ లాంటివి అరిగినప్పుడు ఒక మెట్టు పైది వేసుకోవచ్చు. బాగున్నదాన్ని పీకేసి 80 గ్రాముల కోసం వేలు పోయడం అనవసరం. సీటు విషయంలో బరువు చూడకండి, కూర్చుని చూడండి.

హ్యాండిల్‌బార్, స్టెమ్, ఫోర్క్, బ్రేకులు: ఈ నాలుగింట్లో బరువు తగ్గించే ప్రయోగాలు చేయవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. 2006 పారిస్-రూబే పోటీలో జార్జ్ హింకాపీ సైకిల్ ఫోర్క్ పైభాగం, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టీరర్, పోటీ మధ్యలో విరిగిపోయింది. ఆయన కింద పడి పోటీ నుంచి తప్పుకున్నాడు. వెనక మెకానిక్కుల బృందం ఉన్న ప్రొఫెషనల్ సంగతి అది. ఏ బ్రాండో తెలియని కార్బన్ హ్యాండిల్ ఆన్‌లైన్‌లో తెప్పించి, టార్క్ రెంచ్ లేకుండా అంచనాగా బిగించి, లారీల మధ్య హోసూరు రోడ్డెక్కే మన సంగతేంటి? లైట్లు, పంపు, టూల్ కిట్ తీసేసి తగ్గించే బరువు కూడా ఇదే లెక్క.

గ్రూపులో ఒక జోకు తరచూ తిరుగుతోంది: "బండి బరువెందుకన్నా, ముందు పొట్ట తగ్గించు" అని. లెక్క ప్రకారం కిలో ఎక్కడ తగ్గినా కిలోనే. కానీ ఆ జోకు విని నవ్వినవాళ్లందరూ నవ్వినట్టు కాదు. ఎవరైనా ఆదివారం పొద్దున ఐదింటికి లేచి సైకిల్ తీశారంటే అది అభినందించాల్సిన పని. దయచేసి ఆ జోకు ఆపేద్దాం.

మానేసిన ఇద్దరి దగ్గరకే మళ్లీ వస్తాను. కిలో తగ్గితే చదును రోడ్డు మీద అర వాటు మిగులుతుందన్నాను కదా. అదే మనిషి ఇంకొకరి వెనక చక్రానికి దగ్గరగా, గాలి చాటున తొక్కితే పదుల వాట్లు మిగులుతాయి. అంటే బరువు బండి ఉన్న సభ్యుడిని మనతో కలుపుకోవడానికి కావాల్సింది కార్బన్ చక్రం కాదు, ముందు తొక్కే ఒక మనిషి. ఆ మనిషి మన గ్రూపులో ఉన్నాడు, ఖర్చు లేదు. కాబట్టి వాళ్లు వెనకబడుతున్నారంటే అది వాళ్ల బండి లోపం కాదు, మనం కలిసి తొక్కడం లేదని అర్థం. బలంగా తొక్కేవాళ్లు ముందు గాలి కాయాలి. వేగం వెనకున్నవాళ్లు నిర్ణయించాలి.

అసోసియేషన్ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, నెలకో రైడ్ "ఎవరినీ వదిలేయని రైడ్" అని ప్రకటిద్దాం. గేరు లేని సైకిల్‌తో వచ్చినా సరే.

రెండు, ఒక వేలాడదీసే తూకం, టార్క్ రెంచ్, మంచి ఫ్లోర్ పంపు అసోసియేషన్ తరఫున కొందాం. గాలి సరిగ్గా ఉన్న పాత టైరు, గాలి లేని కొత్త టైరు కంటే మేలు.

మూడు, మీరు మార్చేసిన టైర్లు, చక్రాలు, పెడళ్లు అటక మీద పడేయకండి. ఆఫీసులో ఒక పెట్టె పెడదాం. ఒకరికి బరువైన భాగం ఇంకొకరికి మొదటి అప్‌గ్రేడ్ కావచ్చు.

నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యం. రాత్రి షిఫ్టు దిగి బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ఫ్యాక్టరీల నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఇరవై కిలోలకు అటూఇటూ ఉండే ఇనుప సైకిల్, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్, వెనక లైటు ఉండదు. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. బండి బరువు గురించి వాళ్లు ఎప్పుడూ ఫిర్యాదు చేయరు. వాళ్లకు కావాల్సింది వెనక వచ్చే లారీ డ్రైవరుకు కనబడటం. మనలో ఎవరు ఏ భాగం అప్‌గ్రేడ్ చేసినా, దానితో పాటు ఒక వెనక లైటు, ఒక చుట్ట రిఫ్లెక్టర్ టేపు కొని అసోసియేషన్‌కు ఇద్దాం. ఒక్క ట్యూబు మీద తగ్గించే 60 గ్రాములు ఇంకో సైకిల్‌కు లైటుగా ఎక్కితే అంతకంటే మంచి బరువు ఉండదు.

ఈఎంఐ తమ్ముడికి ఒక మాట. చక్రాలు ఎక్కడికీ పోవు. ముందు టైర్లు, ట్యూబులు మార్చి మూడు నెలలు తొక్కు. అప్పటికీ కావాలనిపిస్తే, చేతిలో ఉన్న డబ్బుతో కొనుక్కో.

మానేసిన ఇద్దరూ ఈ ఆదివారం తప్పకుండా రండి. ముందు గాలి కాయడానికి నేనొక పేరు ఇస్తున్నాను, అది నాదే. ఇంకా ఎవరెవరు వస్తారో కింద రాయండి. ప్రతిపాదనల మీద ఒప్పుకోలు అయినా, అభ్యంతరం అయినా మొహమాటం లేకుండా చెప్పండి.