కుందేలు లేని ఆలిస్

మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక కుందేలు మూలంగా తగాదా వచ్చింది. అది ఉన్నందుకు కాదు, లేనందుకు!

మా చిన్నమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆలిస్ కథ దానికి రాత్రుళ్లు పక్కలో పడుకోబెట్టుకుని నేనే చెప్పాను. ఆ కథనే 1966లో బి.బి.సి. వారు టెలివిజనుకు తీశారని తెలిసి, కంప్యూటరు ముందు ఇద్దరం చేరాం. తీసినవాడు జోనథన్ మిల్లర్. చదివింది వైద్యం, అబ్బింది నాటకం.

చిత్రానికి రంగుల్లేవు. పోనీ అనుకున్నాం. తెల్లకుందేలు రావలసినచోట ఒక ముసలాయన వచ్చాడు. చెవులూ లేవు, తోకా లేదు. గొంగళిపురుగు స్థానంలో మైకేల్ రెడ్‌గ్రేవ్ నిక్షేపంలాంటి పెద్దమనిషిలా కూర్చున్నాడు. పిల్లి మాత్రం నిజంగా పిల్లే.

"నువ్వు చెప్పిందంతా అబద్ధమా నాన్నా?" అంటూ అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"పిల్లలకు చూపించేదేనా అది?" అని లోపలినుంచి మా ఆవిడ.

చెప్పొద్దూ, నాకూ కోపం వచ్చింది. హనుమంతుడికి తోక పెట్టకుండా స్టేజి ఎక్కిస్తే మన ఊళ్లో ఊరుకుంటారా? అయినా లేవలేకపోయాను. కారణం సితారు. సంగీతం మన రవిశంకర్‌ది! విక్టోరియా రాణినాటి దుస్తుల్లో ఇంగ్లీషువాళ్లు తిరుగుతూంటే వెనకాల సితారు. ఎండాకాలం మధ్యాహ్నం నిద్ర పట్టీపట్టనప్పుడు వీధిలో మాటలు వినిపిస్తాయే, అచ్చం ఆ మగత.

అప్పుడు గమనించాను. చాలాచోట్ల ఆలిస్ పెదవి కదపదు. ఆమె మాట మనసులోంచే మనకు వినిపిస్తుంది. చుట్టూ ఉన్న పెద్దలు కసురుతారు, తలాతోకా లేని ప్రశ్నలు వేస్తారు, జవాబు వినిపించుకోరు. జంతువుల తలకాయలు తీసేస్తే అడుగున మిగిలేది వీళ్లేనని మిల్లర్ ఊహ. కాదనలేం. కథ రాసిన లూయీ కరోల్, అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డులో లెక్కల లెక్చరరు. 1862 జూలై 4న పడవలో పిల్లలకు చెప్పిన కథ 1865లో పుస్తకమైంది. పొద్దస్తమానం ఆయన చూసిందీ ఇటువంటి పెద్దమనుషులనే కదా! (నేనూ లెక్చరర్నే. ఆ సంగతి తరవాత.)

కాని నా ఫిర్యాదు నాకుంది. కుందేలు జేబులోంచి గడియారం తీస్తే నవ్వొస్తుంది. ముసలాయన తీస్తే ఎవరో ఆఫీసుకు ఆలస్యమైన గుమాస్తా అనుకుంటాం. వేషంతోపాటు సగం హాస్యం కొట్టుకుపోయింది. ఒక్క జాన్ గీల్గుడ్ మాత్రం, సముద్రపుటొడ్డున దొంగతాబేలుగా, ఏ డిప్పా లేకుండానే నవ్వించాడు, గుండె కూడా బరువెక్కించాడు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి, "నాన్నా, మరేమో ఆ సినిమాలో..." అని మొదలుపెట్టింది.

"ముందు పన్నెండో ఎక్కం అప్పజెప్పు" అన్నాను, అలవాటుకొద్దీ.

నోరు మూసుకుని నావంక చూసింది. ఆ చూపు మధ్యాహ్నం తెర మీద చూసిందే!

"ఏమిటే, ఏదో చెప్పబోయావు?" అన్నాను కంగారుగా.

"ఏంలేదులే నాన్నా" అని, పన్నెండో ఎక్కం మొదలెట్టింది.