చిట్టాల్లో దొరికిన ముత్తవ్వ

న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో వలసదారుల కేంద్రం 1892 జనవరి 1న తెరుచుకున్నప్పుడు మొదట లోపలికి అడుగుపెట్టింది ఐర్లండ్‌లోని కార్క్ నుంచి వచ్చిన ఆనీ మూర్. వెంట ఇద్దరు తమ్ముళ్లు. అమ్మానాన్నలు ముందే వచ్చి న్యూయార్క్‌లో కాపురం పెట్టారు. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. పదిహేనో పుట్టినరోజు కూడా అవాళేనని పత్రికలు రాశాయి. నిజానికి ఆమెకు పదిహేడు నిండాయి, పుట్టింది ఏప్రిల్‌లో. పండగ పూట కథ కుదరాలి కదా!

తర్వాత ఆమె టెక్సాస్ వెళ్లి స్థిరపడిందనీ, 1923లో ట్రామ్ ఢీకొని పోయిందనీ ఏళ్లతరబడి అందరూ చెప్పుకున్నారు. ఆ టెక్సాస్ ఆనీ వారసులను వేడుకలకు పిలిచి కూర్చోబెట్టారు కూడా. వంశవృత్తాంతాలు తవ్వే మేగన్ స్మోలెన్యాక్ జనాభా లెక్కలు తీసి చూస్తే, ఆవిడ పుట్టింది అమెరికాలోనే, ఇల్లినాయ్‌లో. మరి అసలు ఆనీ ఏమైనట్టు? ఆచూకీ చెప్పినవాళ్లకు వెయ్యి డాలర్లిస్తానన్నారు మేగన్. 2006లో తమ్ముడు ఫిలిప్ పౌరసత్వ పత్రం బయటపడింది. తీగ లాగితే డొంకంతా కదిలింది.

అసలు ఆనీ ఎక్కడికీ పోలేదు. దిగిన ఊళ్లోనే, లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు వాటాల్లో బతికింది. ఫుల్టన్ చేపల మార్కెట్‌లో పనిచేసే జర్మన్ కుటుంబపు అబ్బాయిని పెళ్లాడింది. పదిమందికి తక్కువ కాకుండా పిల్లలు పుడితే పెరిగి పెద్దయింది ఐదుగురే. యాభై ఏళ్లకే, 1924లో, గుండెజబ్బుతో కన్నుమూసింది. క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో ఆమె సమాధికి పేరున్న రాయి పడింది 2008లో. పడమటి సాహసాలేవీ లేని ఈ ఆనీయే ఆనాటి ఐరిష్ ఆడవాళ్లలో చాలామందికి దగ్గరి మనిషి అనిపిస్తుంది.

ఆనీకి విగ్రహాలున్నాయి కాబట్టి వెతికేవాళ్లు దొరికారు. మిగతావాళ్లకు ఆ భాగ్యం లేదు. ఐర్లండ్‌లో 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి మొదలైన కరవులో పది లక్షల మంది చనిపోగా, అంతకు మించి దేశం విడిచారు. వాళ్ల మునిమనవలకు అమెరికా కాగితాల్లో తరచుగా కనిపించేది ‘ఐర్లండ్’ అన్న ఒక్క మాటే. ఊరు తెలియకపోతే అవే పేర్లవాళ్లు వేలమంది. న్యూయార్క్‌లో ఐరిష్‌వాళ్లు 1850లో పెట్టుకున్న ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంక్ చిట్టాల్లో పేరుంటే మాత్రం పంట పండినట్టే. చదువు రాని ఖాతాదారు డబ్బుకు వస్తే అసలు మనిషో కాదో తేల్చుకోవాలి గనక పుట్టిన ఊరు, ఎక్కిన ఓడ, తల్లిదండ్రులు, తోబుట్టువులు అన్నీ గుమస్తా రాసిపెట్టుకునేవాడు. ఎవరికోసమూ రాయని వంశచరిత్ర అది. (1860 నుంచి మద్రాసు రేవు దాటి దర్బన్ చెరకు తోటలకు వెళ్లిన మన కూలీల జాబితాల్లోనూ తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. మనిషిని ఒప్పందంతో కట్టేసుకునేవాడు ఆ మాత్రం శ్రద్ధగానే రాసుకుంటాడు.)

ఐర్లండ్‌వైపు కష్టం వేరు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని రికార్డుల కార్యాలయం తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఆ తర్వాతి నాలుగు విడతలనూ అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1901వి, 1911వి నిలిచాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగిన అవ్వలు తగులుతారు. కారణం పెన్షను. 1909లో డెబ్బై నిండినవాళ్లకు వారానికి ఐదు షిల్లింగుల దాకా ఇవ్వడం మొదలైంది. 1864కు ముందు సర్కారు జనన నమోదే లేదు, వయసుకు రుజువెక్కడ? 1841, 1851 లెక్కల్లో పసిపిల్లగా తన పేరుందేమో చూడమని అర్జీ పెట్టుకోవాలి. గుమస్తా వెతికి, కనబడినది ఫారం మీద ఎత్తి రాసేవాడు. అసలు పుస్తకాలు కాలిపోయినా ఆ ఫారాలు వేలల్లో మిగిలాయి. ఊళ్లోనే ఉండిపోయిన అక్క పెన్షను అర్జీలో, అమెరికా ఓడ ఎక్కిన చెల్లెలి పేరూ ఒక్కోసారి దొరుకుతుంది.